యుద్ధానికి బదులు బుజ్జగింపు: ఒక ప్రభుత్వం ఆ దారి ఎందుకు పడుతుంది?

ప్రశ్న
బెజవాడ పాఠకురాలు, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుకుంటున్నాను. ఆదివారాలు స్నేహితులం కొందరం గవర్నర్‌పేటలో కలుసుకుని, గడియారం ముందు పెట్టుకుని ఒక ప్రశ్నకు జవాబు రాసి, ఒకరి కాగితాలు మరొకరం దిద్దుకుంటాం. ఈ వారం వచ్చిన ప్రశ్న ఇది: బలమైన శత్రువు ఎదురైనప్పుడు ఒక ప్రభుత్వం యుద్ధానికి దిగకుండా, అడిగింది ఇచ్చి శాంతింపజేయడానికి ఎందుకు మొగ్గు చూపుతుంది?

అందరం 1938 నాటి మ్యూనిక్ ఒప్పందం గురించే రాశాం, అంటే చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతం సుడెటెన్‌లాండ్‌ను బ్రిటన్, ఫ్రాన్స్ హిట్లర్‌కు ఇచ్చేయడానికి ఒప్పుకున్న ఒప్పందం. నా కాగితం దిద్దిన స్నేహితుడు మార్జినులో "కారణం ఒక్కటే, నాయకుడి పిరికితనం. మిగిలినవన్నీ సాకులు" అని రాశాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. పార్లమెంటు, మంత్రివర్గం, సైన్యాధిపతులు, ఖజానా అధికారులు, పత్రికలు అన్నీ ఉన్న దేశం ఒక్క మనిషి పిరికితనం మీద నెలల తరబడి నడుస్తుందా? నడిచిందే అనుకున్నా, జనం అతనికి ఎందుకు జేజేలు కొట్టారు? మ్యూనిక్ ఒప్పందం మీద బ్రిటిష్ పార్లమెంటులో ఓటింగు జరిగితే 366 మంది ప్రభుత్వం వైపు, 144 మంది వ్యతిరేకంగా నిలిచారు. అంతమందీ పిరికివాళ్లేనా?

అప్పటి బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్‌ను సమర్థించమని అడగడం లేదు. ఆ సెప్టెంబరులో మంత్రివర్గం ముందు ఏ లెక్కలు, ఏ భయాలు, ఏ ఆశలు ఉన్నాయో తెలిసినవాళ్లు వివరంగా చెబితే చదవాలని ఉంది. పరీక్ష కోసం మాత్రమే అడగడం లేదు. ఈ విషయం అర్థం కాకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టేలా లేదు.

జవాబు
పట్టాభిపురం మాస్టారు, గుంటూరు

అమ్మా, మీ ప్రశ్న చాలా సంతోషం కలిగించింది. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆధునిక ఐరోపా పాఠం మ్యూనిక్ దగ్గరకు రాగానే ప్రతి తరగతిలోనూ మీ స్నేహితుడి మాటే వినిపించేది. ఆ మాటతో నాకు ఎప్పుడూ పేచీయే. భయం నిజమే. కానీ దేనికి భయపడ్డారు, ఆ భయానికి ఆధారం ఏమిటి, అది ఎంతమందిది అని అడగాలి.

మొదట శవాల లెక్క చూడండి. 1916 జులై 1న, సోమ్ యుద్ధం మొదటి రోజున, బ్రిటిష్ సైన్యంలో 19 వేల మందికి పైగా చనిపోయారు. ఒక్క పగటిపూట! మొదటి ప్రపంచ యుద్ధం మొత్తం మీద బ్రిటన్ ఏడు లక్షల మందికి పైగా సైనికులను, ఫ్రాన్స్ పదమూడు లక్షల మందికి పైగా సైనికులను పోగొట్టుకున్నాయి. 1938 నాటికి వాళ్ల తల్లులు, భార్యలు, తమ్ముళ్లు బతికే ఉన్నారు, ఓటు వేస్తున్నారు. ఫ్రాన్స్ ప్రధాని దలాదియే స్వయంగా వెర్డన్‌లో పోరాడినవాడు. చాంబర్లేన్ ఎంతో ప్రేమించిన పినతండ్రి కొడుకు నార్మన్ 1917లో యుద్ధభూమిలో చనిపోయాడు. ఆ తరం నాయకులకు యుద్ధం అంటే బురద కందకాల్లో కుళ్లిన దేహాలు. ఇది గుర్తు పెట్టుకోకపోతే మిగిలిన కారణాలేవీ వాటి బరువుతో కనిపించవు.

ఆ భయానికి ఆకాశం నుంచి కొత్త భయం తోడయింది. బాంబర్లు ఎలాగైనా దూసుకువస్తాయని, వాటిని ఆపే శక్తి భూమ్మీద లేదని బ్రిటన్ నాయకుడు బాల్డ్విన్ 1932లోనే పార్లమెంటులో చెప్పాడు. 1937 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని గెర్నికా పట్టణాన్ని జర్మన్ విమానాలు ధ్వంసం చేశాయి. అదే రోజుల్లో బ్రిటిష్ అధికారులు వేసిన అంచనా ఏమిటంటే, జర్మనీ అరవై రోజులు బాంబులు వేస్తే ఆరు లక్షల మంది చనిపోతారు, పన్నెండు లక్షల మంది గాయపడతారు. ఆ అంచనా ఎంతో అతిశయం. ఆరేళ్ల యుద్ధంలో బ్రిటన్‌లో బాంబుదాడులకు చనిపోయిన పౌరులు సుమారు అరవై వేలు. అయితే 1938లో మంత్రుల ముందున్న కాగితంలో ఆరు లక్షలనే రాసి ఉంది. ఆ సెప్టెంబరులో దాదాపు 3.8 కోట్ల గ్యాస్ మాస్కులు పంచారు. లండన్ పార్కుల్లో కందకాలు తవ్వారు. మన కోస్తాలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు కొద్దిపాటి బాంబులు వేస్తేనే ఎంత మంది ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు తరలిపోయారో మీ ఇంట్లో పెద్దల నోట విని ఉంటారు. లండన్ వాసులకు విషవాయువు వస్తుందని చెప్పారు.

ఇక సైన్యం. 1937 డిసెంబరులో మూడు దళాల అధిపతులూ మంత్రివర్గానికి స్పష్టంగా రాసి ఇచ్చారు: జర్మనీ, ఇటలీ, జపాన్‌లతో ఒకేసారి తలపడే శక్తి మనకు లేదు, కాబట్టి శత్రువుల సంఖ్య తగ్గించండి. ఈ వాక్యం మీ జవాబులో తప్పకుండా ఉండాలి. ఎందుకంటే ఇది రాజకీయ నాయకుడి మాట కాదు, పోరాడవలసినవాళ్ల మాట. జపాన్ 1937 జులైలో చైనా మీద పడింది. సింగపూరు, హాంకాంగ్‌ల గురించి లండన్‌కు నిద్ర లేదు. ఇటలీ మధ్యధరా సముద్రంలో కూర్చుంది. పాలస్తీనాలో అరబ్బుల తిరుగుబాటు సైన్యాన్ని కట్టిపడేసింది. మన వాయవ్య సరిహద్దులో వజీరిస్తాన్ పోరు నడుస్తోంది. ఇన్ని దిక్కుల మధ్య ఐరోపా ఖండానికి బ్రిటన్ వెంటనే పంపగలిగినవి రెండు డివిజన్లు. 1919 నుంచి 1932 వరకు "రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదు" అన్న సూత్రం మీద రక్షణ ఖర్చులు తగ్గిస్తూ పోయిన దేశం అది.

పటం కూడా చూడాలి. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక చెకోస్లొవేకియా మూడు వైపుల నుంచి జర్మనీ చేతికి చిక్కింది. చెక్‌లను కాపాడడం అంటే అక్కడికి సైన్యాన్ని పంపడం కుదరదు, వాళ్లు ఓడిపోయాక జర్మనీతో ఏళ్ల తరబడి పోరాడి గెలిచి, తర్వాత దేశాన్ని తిరిగి నిలబెట్టడం అని అర్థం. చాంబర్లేన్ ఆ మార్చిలోనే తన చెల్లెలికి రాసిన ఉత్తరంలో పటం చూస్తే చాలు, ఈ సంగతి తెలిసిపోతుందని అన్నాడు.

స్నేహితులు ఎవరున్నారు? అమెరికా తటస్థ చట్టాలు చేసుకుని తలుపులు వేసుకుంది. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా చెక్‌ల కోసం యుద్ధానికి రావడానికి సుముఖంగా లేవు. ఫ్రాన్స్‌కు చెక్‌లతో ఒప్పందం ఉంది, కానీ దాని వైమానిక దళాధిపతి వ్యుయెమాఁ ఆగస్టులో జర్మనీ వెళ్లి చూసి వచ్చి, యుద్ధం వస్తే మన విమానాలు రెండు వారాల్లో తుడిచిపెట్టుకుపోతాయని చెప్పాడు. సోవియట్ యూనియన్ సాయం చేయాలంటే ముందు ఫ్రాన్స్ కదలాలని 1935 ఒప్పందంలోనే ఉంది. కదిలినా ఎర్రసైన్యం పోలండ్, రుమేనియాల మీదుగా రావాలి, పోలండ్ అందుకు ససేమిరా అంది. స్టాలిన్ అప్పటికే మార్షల్ తుఖచేవ్‌స్కీతో మొదలుపెట్టి తన సేనానులను తానే కాల్పించుకుంటున్నాడు. దానికి తోడు చాంబర్లేన్‌కు కమ్యూనిస్టుల మీద బొత్తిగా నమ్మకం లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే కారణం చెబుతాను. విద్యార్థులు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది అపరాధ భావన. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919లో పెట్టిన వెర్సాయ్ సంధి దానికి అన్యాయం చేసిందని 1930లలో బ్రిటన్‌లో చదువుకున్నవాళ్లు చాలామంది నమ్మేవారు. ఏ జాతి భవిష్యత్తును ఆ జాతే నిర్ణయించుకోవాలని 1919లో పెద్దగా చాటినవాళ్లే, ముప్ఫై లక్షలకు పైగా జర్మన్ భాషీయులను వాళ్ల ఇష్టం అడగకుండా చెకోస్లొవేకియాలో ఉంచేశారు. హిట్లర్ ఆ మాటనే పట్టుకున్నాడు. 1936లో, సైన్యం ఉండకూడదని సంధి చెప్పిన జర్మన్ ప్రాంతం రైన్‌లాండ్‌లోకి అతను సైన్యం నడిపినప్పుడు, వాళ్ల సొంత నేల మీదికే కదా వెళ్లారు అని లండన్‌లో అనుకున్నారు. ఆస్ట్రియాలోనూ జర్మన్లే. సుడెటెన్‌లాండ్‌లోనూ జర్మన్లే. దొంగ చేతిలో న్యాయమైన దస్తావేజు ఉన్నట్టు కనిపించినప్పుడు ఎదిరించే చేయి తడబడుతుంది. ప్రభుత్వం యుద్ధం చేయలేనని చెప్పడానికి సిగ్గుపడుతుంది. యుద్ధం చేయడం న్యాయం కాదు అని చెప్పుకునే వీలు దొరికితే ఆ సిగ్గు పోతుంది. బలహీనతకు న్యాయం తొడుగు దొరకడమే బుజ్జగింపుకు అసలు బలం అని నా నమ్మకం.

ప్రజాభిప్రాయం గురించి కొంచెం జాగ్రత్తగా రాయండి. 1935లో ఫలితాలు వెలువడిన శాంతి అభిప్రాయ సేకరణలో కోటి మందికి పైగా పాల్గొన్నారని, కాబట్టి జనం యుద్ధం వద్దన్నారని గైడు పుస్తకాలు రాస్తాయి. అదే సేకరణలో దురాక్రమణను అవసరమైతే సైనిక చర్యతో ఆపాలన్నవాళ్లు అరవై లక్షలకు పైగా ఉన్నారు. జనం మాటను ప్రభుత్వం వినడమే కాదు, వినిపించే మాటను మలిచింది కూడా. ఆ నెలల్లో విమర్శకుల గొంతు రేడియోలో పెద్దగా వినపడకుండా చూసింది, పత్రికల మీద ఒత్తిడి పెట్టింది. ప్రజలు కోరారు కాబట్టి చేశాం అనే వాదనను ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఈ కోణం నుంచి కూడా పరీక్షించాలి.

ఇన్ని కారణాలు చెప్పాక నా తీర్పు కూడా చెప్పాలి. యుద్ధం తప్పించుకోవాలనుకోవడం నేరం కాదు. మ్యూనిక్‌లో ఇచ్చినది బ్రిటన్ సొత్తు కాదు, ఫ్రాన్స్ సొత్తూ కాదు. సెప్టెంబరు 21 తెల్లవారకముందే రెండు దేశాల రాయబారులు చెక్ రాజధాని ప్రాగ్‌లో అధ్యక్షుడు బెనెష్‌ను లేపి, ఒప్పుకోకపోతే మీ దారి మీదేనని చెప్పారు. 29న మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీల నలుగురు పెద్దలు కూర్చున్న గదిలోకి చెక్ ప్రతినిధులను రానివ్వలేదు. హోటల్లో కూర్చోబెట్టి, అంతా అయ్యాక పటం చేతికిచ్చారు. వరదలో తన చేను మునగకుండా పక్కవాడి గట్టు తెంపించడమే అది. నాకు ఇది చదివిన ప్రతిసారీ కోపం వస్తుంది.

జవాబు
విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, సత్యనారాయణపురం, విజయవాడ

మాస్టారు అన్నీ చెప్పి డబ్బు సంగతి వదిలేశారు. నాకు మాత్రం అక్కడే ఈ కథ బాగా అర్థమైంది.

చాంబర్లేన్ ప్రధాని కాకముందు 1931 నుంచి 1937 వరకు ఆర్థిక మంత్రి. ఆ ఏళ్ల సంగతి ఆలోచించండి. మహా మాంద్యం, దాదాపు ముప్ఫై లక్షల నిరుద్యోగులు, మొదటి యుద్ధం వల్ల పదిరెట్లకు పైగా పెరిగిన జాతీయ రుణం. ప్రతి పౌండు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క చూసిన మనిషి 1938లో యుద్ధం గురించి నిర్ణయం తీసుకున్నాడు.

అప్పు తెచ్చుకోవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. ఎవరి దగ్గర? పాత యుద్ధం అప్పులు తీర్చడం బ్రిటన్ ఆపేసింది. బాకీ ఎగ్గొట్టిన దేశాలకు కొత్త అప్పులు ఇవ్వకూడదని అమెరికా 1934లోనే చట్టం చేసింది. 1937 నాటి తటస్థ చట్టం యుద్ధంలో ఉన్న దేశానికి ఆయుధాలు అమ్మడాన్ని నిషేధించింది. మిగిలిన సరుకులు కావాలంటే రొక్కం చెల్లించి, సొంత ఓడల్లో తీసుకెళ్లాలి. తిండిగింజలు, పెట్రోలు, పత్తి, యంత్రాలు అన్నీ దిగుమతి చేసుకునే దీవికి బంగారం, డాలర్లు అయిపోతే తుపాకీ ఉండి కూడా లాభం లేదు.

ఇక్కడే ఖజానా శాఖ వాదన ఉంది. త్వరగా తేలిపోయే యుద్ధమైతే జర్మనీ గెలుస్తుంది, సుదీర్ఘ యుద్ధమైతే బ్రిటన్ గెలుస్తుంది. సుదీర్ఘ యుద్ధానికి డబ్బు నిలవాలి. యుద్ధం రాకముందే ఆయుధాల మీద అంతా ఖర్చుపెట్టేస్తే గెలిచే ఒక్క దారీ మూసుకుపోతుంది. అందుకే సైన్యం, నౌకాదళం, వైమానిక దళంతో పాటు ఆర్థిక స్థిరత్వాన్ని నాలుగో రక్షణ దళంగా లెక్కవేశారు. 1937లో రక్షణ కోసం 40 కోట్ల పౌండ్ల వరకు అప్పు తేవడానికి చట్టం చేశారు. అది అప్పటికి మామూలు మొత్తం కాదు. డబ్బున్నా నైపుణ్యం ఉన్న ఫిట్టర్లు, లేతు పనివాళ్లు చాలినంత మంది లేరు. ఎగుమతి వస్తువులు చేసే కర్మాగారాల నుంచి వాళ్లను లాగేస్తే డాలర్లు తెచ్చే పని ఆగిపోతుంది.

ఖజానా వాళ్లు అనవసరంగా బెదిరారని అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే. 1941 వచ్చేసరికి బ్రిటన్ దగ్గర డాలర్లు నిజంగానే అయిపోవచ్చాయి. ఆ మార్చిలో అమెరికా అరువు-కౌలు (లెండ్-లీజ్) చట్టం చేసి ఆదుకోకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ సాయం 1938లో ఎవరి ఊహలోనూ లేదు.

జవాబు
మాజీ వైమానిక ఉద్యోగి, గుణదల

నేను మన వైమానిక దళంలో రాడార్ విభాగంలో పనిచేశాను. మాస్టారు చెప్పిన నైతిక తీర్పుతో నాకు విభేదం లేదు. కానీ మ్యూనిక్ తర్వాత యుద్ధం మొదలయ్యేలోపు దొరికిన ఏడాది వ్యవధి విలువ ఎంతో తెలియకుండా తీర్పు పూర్తి కాదు.

1938 సెప్టెంబరులో బ్రిటన్ తీరంలో పనిచేస్తున్న రాడార్ కేంద్రాలు థేమ్స్ ముఖద్వారం చుట్టూ ఉన్న కొన్ని మాత్రమే. మరుసటి సెప్టెంబరుకు అవి తూర్పు, దక్షిణ తీరాల పొడవునా వరుసగా నిలబడ్డాయి. హరికేన్ యుద్ధ విమానం 1937 డిసెంబరులో దళంలోకి వచ్చింది, స్పిట్‌ఫైర్ మొదటి స్క్వాడ్రన్‌కు చేరింది 1938 ఆగస్టులో. అంటే మ్యూనిక్ రోజుల్లో స్పిట్‌ఫైర్ అప్పుడే చేతికొస్తున్న కొత్త యంత్రం. మిగతా స్క్వాడ్రన్లలో ఎక్కువ భాగం పాత రెండంతస్తుల రెక్కల విమానాలే.

విమానం కొనేస్తే దళం తయారు కాదు. రాడార్ తెర మీద మచ్చ కనిపించాలి, అది శత్రువో మిత్రుడో తేల్చాలి, ఆ సమాచారం టెలిఫోను తీగ మీద వడపోత గదికి వెళ్లాలి, అక్కడి నుంచి నియంత్రణ గదికి, అక్కడి నుంచి రన్‌వే మీద నిలబడ్డ పైలట్‌కు చేరాలి. కొన్ని నిమిషాల్లో ఇదంతా జరగాలి. ఈ అలవాటు పడడానికి అభ్యాసం మీద అభ్యాసం కావాలి. మనుషులకు నేర్పడం ఎంత నెమ్మదిగా జరుగుతుందో ఆ పని చేసినవాడిగా నాకు తెలుసు. 1940లో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడింది ఈ వ్యవస్థే. బాంబర్లను తగ్గించి యుద్ధ విమానాలకు ప్రాధాన్యం ఇమ్మని 1937 చివర్లో రక్షణ సమన్వయ మంత్రి ఇన్‌స్కిప్ ఇచ్చిన సలహాకు డబ్బు పొదుపు కూడా ఒక కారణమే. బ్యాంకు మేడమ్ చెప్పిన లెక్కలు ఇక్కడ ప్రాణాలు కాపాడాయి.

జవాబు
పట్టాభిపురం మాస్టారు, గుంటూరు

గుణదల మిత్రులు చెప్పిన వివరాలు విలువైనవి, అమ్మా, రాసుకోండి. కానీ ఆ ఏడాది కాలం ఇద్దరికీ దొరికింది. గడియారం జర్మనీలో ఆగిపోలేదు.

1938లో జర్మన్ సైన్యాధిపతులే భయపడ్డారు. సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్ ఈ యుద్ధం వద్దని వాదించి, వినకపోతే ఆగస్టులో రాజీనామా చేశాడు. బ్రిటన్ మీద వైమానిక యుద్ధం గెలవడం ఇప్పుడున్న బలంతో సాధ్యం కాదని జనరల్ ఫెల్మీ సెప్టెంబరులోనే నివేదిక ఇచ్చాడు. లండన్ వాసులు ఏ బాంబుల కోసం గ్యాస్ మాస్కులు తొడుక్కున్నారో ఆ బాంబులు వేసే స్థావరాలు జర్మనీకి అప్పటికి లేవు. హాలండ్, బెల్జియం, ఫ్రాన్స్‌లు చేతికి చిక్కిన 1940లో అవి వచ్చాయి. పశ్చిమ సరిహద్దు కోటల నిర్మాణం సగంలో ఉంది. ఇటు చెక్‌లు సెప్టెంబరు 23న సైన్యాన్ని సమీకరించారు, పది లక్షల మందికి పైగా ఆయుధాలు పట్టారు. పర్వతాల్లో కట్టిన కోటలు, ప్ల్జెన్‌లో స్కోడా ఆయుధ కర్మాగారం వాళ్లవి. సుడెటెన్‌లాండ్ పోవడంతో కోటలు పోయాయి. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం పెద్దగా తూటాలు పేల్చకుండానే ప్రాగ్‌లోకి నడిచింది. నాలుగు వందలకు పైగా ట్యాంకులు, రెండు వేలకు పైగా ఫిరంగులు, పది లక్షలకు పైగా రైఫిళ్లు దొరికాయని హిట్లర్ తానే ఆ ఏప్రిల్‌లో చెప్పుకున్నాడు. 1940 మేలో ఫ్రాన్స్ మీద పడిన జర్మన్ సేనాని రోమెల్ డివిజన్‌లో చెక్ ట్యాంకులు ఉన్నాయి.

ఇంకొక సంగతి. వ్యవధి కోసమే మ్యూనిక్ అన్న వాదన చాలావరకు తర్వాత పుట్టింది. చాంబర్లేన్ సెప్టెంబరు 30 ఉదయం హిట్లర్‌తో విడిగా ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు, మన రెండు దేశాలూ ఇక ఎన్నడూ యుద్ధం చేసుకోవని. వ్యవధి మాత్రమే కావలసినవాడికి ఆ కాగితంతో పని లేదు. అతను శాశ్వత శాంతి వస్తుందని నిజంగా ఆశపడ్డాడు. ఆశ కూడా ఒక కారణమే, దాన్ని జవాబులో రాయండి. ఎదుటివాడు తనలాగే లెక్కలు చూసుకునేవాడని, కోరిక తీరితే ఆగిపోతాడని నమ్మే ప్రభుత్వానికి బుజ్జగింపు తెలివైన పనిగానే తోస్తుంది.

ప్రశ్న అడిగినవారి మాట
బెజవాడ పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ఈ సాయంత్రం ఠాగూర్ గ్రంథాలయంలో కూర్చుని నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. మన ప్రాంత చరిత్రలో ఇలాంటి నిర్ణయం ఏదైనా ఉందా? రెండోది, డబ్బు లేదు, సైన్యం లేదు, స్నేహితులు లేరు అన్నవన్నీ 1939లోనూ ఉన్నాయి కదా. మరి అదే చాంబర్లేన్ పోలండ్ కోసం యుద్ధానికి ఎలా సిద్ధపడ్డాడు?

జవాబు
కొండపల్లి నివాసి

మొదటి సందేహానికి నేను చెబుతాను. మా ఊరి కోట ఆ కథలో ఉంది.

1765లో ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున క్లైవ్ మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా జిల్లాలకు, ఫర్మానా తీసుకున్నాడు. ఆ సర్కారులు నిజాం అలీ ఖాన్ చేతిలో ఉన్నాయి, ఆయనను ఎవరూ అడగలేదు. 1766లో కంపెనీ తరఫున జనరల్ కాలియో వచ్చి కొండపల్లి కోట పట్టుకున్నాడు. నిజాం మండిపడి యుద్ధానికి సిద్ధమయ్యాడు. అప్పుడు మద్రాసు ప్రభుత్వం చేతిలో డబ్బు లేదు. గవర్నరు పాక్ అదే జనరల్‌ను సంధి కోసం హైదరాబాదు పంపాడు. 1766 నవంబరు 12న ఒప్పందం కుదిరింది. చేతిలో ఫర్మానా ఉండి, కోట కూడా పట్టుకున్న కంపెనీ, ఈ సర్కారులకు నిజాంకు ఏటా పేష్కష్ (కప్పం) కట్టడానికి, ఆయనకు అవసరమైనప్పుడు సైన్యం పంపడానికి ఒప్పుకుంది. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయన దగ్గరే ఉండాలని రాసుకున్నారు.

నిజాంకు ఇది మంచి బేరమే. మరాఠాలు, హైదర్ అలీ చెరో వైపు ఉండగా తీరప్రాంతం కోసం కంపెనీతో పోరాడే స్థితి ఆయనకు లేదు. ఇద్దరికీ యుద్ధం చేసే ఓపిక లేనప్పుడు కుదిరిన సంధి ఇది. మద్రాసుకు మాత్రం దాని ఖరీదు తర్వాత తెలిసింది. సైన్యం పంపుతామన్న ఆ మాట కంపెనీని 1767లో హైదర్ అలీతో యుద్ధంలోకి ఈడ్చింది. మధ్యలో నిజాం హైదర్ వైపు మారాడు, 1768లో మళ్లీ కంపెనీతో సంధి చేసుకున్నాడు. 1769లో హైదర్ మద్రాసు గుమ్మం దాకా వచ్చి తన షరతుల మీద సంతకం పెట్టించుకున్నాడు. గుంటూరు 1788లో గానీ కంపెనీ చేతికి రాలేదు.

జవాబు
పట్టాభిపురం మాస్టారు, గుంటూరు

కొండపల్లి వారి ఉదాహరణ చక్కగా ఉంది. ఆ పేష్కష్ షరతును పరీక్షలో తప్పకుండా ప్రస్తావించండి. మద్రాసు తన డబ్బు, తన సైన్యం ఇస్తానంది. 1938లో లండన్ చెక్‌ల కొండలు ఇచ్చింది. ఈ తేడాను మీ జవాబు నుంచి జారిపోనివ్వకండి.

రెండో సందేహానికి వస్తాను. మీరు సరిగ్గా పట్టుకున్నారు. 1939 మార్చికి డబ్బు పెరగలేదు, జపాన్ తగ్గలేదు, అమెరికా తలుపు తెరవలేదు. విమానాలు, రాడార్‌లు కొంత మెరుగయ్యాయి, అంతే. కూలిపోయింది న్యాయం తొడుగు. ప్రాగ్‌లో ఉన్నది చెక్‌లు, జర్మన్లు కాదు. సొంత జాతిని కలుపుకుంటున్నాననే హిట్లర్ మాటకు మార్చి 15 తర్వాత లండన్‌లో విలువ లేకుండా పోయింది. మార్చి 31న చాంబర్లేన్ పోలండ్‌కు హామీ ఇచ్చాడు. ఏప్రిల్‌లో నిర్బంధ సైనిక సేవ ప్రకటించాడు, శాంతికాలంలో బ్రిటన్ అంతకుముందు ఎన్నడూ చేయని పని అది.

మ్యూనిక్ వల్ల బ్రిటన్‌కు నిజంగా కలిగిన లాభం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అన్ని దారులూ ప్రయత్నించాం అని చెప్పగలగడం. 1938లో వెనకాడిన దేశాలు 1939 సెప్టెంబరులో వచ్చాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 3వ తేదీనే వచ్చాయి. దక్షిణాఫ్రికాలో తటస్థంగా ఉండాలన్న ప్రధాని హెర్ట్‌జోగ్ పార్లమెంటులో ఓడి దిగిపోయాడు. కెనడా తన పార్లమెంటులో చర్చించుకుని 10న ప్రకటించింది.

భారతదేశాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. వైస్రాయి లిన్‌లిత్‌గో మన ప్రతినిధులతో ఒక్క మాట కూడా సంప్రదించకుండా మనమూ యుద్ధంలో ఉన్నామని ప్రకటించాడు. 1938లోనే ప్రాగ్ వెళ్లి వచ్చి, బుజ్జగింపును గట్టిగా ఖండించిన నెహ్రూ ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. మన గుంటూరు, కృష్ణా జిల్లాలు ఉన్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం ఆ అక్టోబరులోనే రాజీనామా చేసింది.